మెయిల్‌బాక్స్ నిండితే ఏం చేయాలి?

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టు కింద యాక్టర్లతో (ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకుంటూ విడివిడిగా పనిచేసే ప్రోగ్రామ్ భాగాలతో) నడిచే చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేస్తున్నాం. పరీక్షించేందుకు నాగార్జునసాగర్ 26 క్రెస్టు గేట్లకు తలా ఒక యాక్టరు, అన్నిటికీ కలిపి ఒక కంట్రోలర్ యాక్టరు రాశాం. నీటిమట్టం రీడింగులు జోరుగా పంపితే మెమరీ నిండి ప్రోగ్రామ్ ఆగిపోతోంది. మెమరీ లీకు (వాడేసిన మెమరీ తిరిగి ఖాళీ కాకపోవడం) ఎంత వెతికినా దొరకలేదు.
– ఇంజినీరింగ్ విద్యార్థులు, నల్లగొండ

జవాబు: అది లీకు కాదు. కంట్రోలర్ మెయిల్‌బాక్స్‌లో (వచ్చిన మెసేజ్‌లు వరసలో వేచి ఉండే చోట) మెసేజ్‌లు పేరుకుపోతున్నాయి. సెకనుకు 1000 వచ్చి, 800 మాత్రమే పూర్తవుతున్నాయనుకోండి. మిగిలే 200 ఒక్కోటి 200 బైట్లయినా గంటకు 144 ఎంబీ. కావలసిన మెసేజ్‌ను ఏరుకునే రిసీవ్ (అందుకునే ఆదేశం) కూడా మీ భాషలో ఉంటే ఇంకా చిక్కు: అక్కర్లేని వాటినన్నిటినీ ప్రతిసారీ దాటుకుంటూ వెతకాలి కాబట్టి, కుప్ప పెరిగినకొద్దీ పనీ మందగిస్తుంది. యాక్టర్లతోనే నడిచే ఎర్లాంగ్ భాషలోనూ ఈ బాధ ఉన్నదే, అక్కడ మెయిల్‌బాక్స్‌కు హద్దు లేదు.

మీరు హద్దు పెట్టండి. ఎంతంటే, పని వేగాన్ని ఓర్చుకోగల ఆలస్యంతో గుణించండి: సెకనుకు 800, అర సెకను ఆలస్యం ఫర్వాలేదంటే 400. నిండాక ఏం చేయాలన్నది మాత్రం మెసేజ్ రకాన్ని బట్టి ఉండాలి. నీటిమట్టానికి తాజా రీడింగు చాలు, పాతదాని మీదే కొత్తది రాసేయవచ్చు. ‘5వ గేటు ఎత్తు’ అన్న ఆదేశం అలా పోకూడదు. అది చేరలేదని పంపినవాడికే తెలియాలి, ఆ ఫలితాన్ని చూడకుండా వదిలేస్తే కంపైలర్ ఒప్పుకోకూడదు.

చోటు దొరికేదాకా పంపేవాణ్ని ఆపేయడం తేలికైన దారిలా కనిపిస్తుంది. కానీ కంట్రోలరూ గేటూ రెండూ నిండి, ఒకదానికొకటి పంపబోతే ఏదీ ఖాళీ కాదు. ‘పోనీ’ (Pony) అనే యాక్టర్ల భాషలో దీన్ని తెలివిగా తప్పించారు: మెసేజ్‌ను చేర్చుకుని, పంపిన యాక్టరు తన చేతిలోని పని ముగించాకే ఆ యాక్టరును ఆపుతారు. పంపిన యాక్టరు కూడా మెసేజ్‌ల భారంలో ఉంటే దాన్ని ఆపరు.

ప్రశ్న: లాకులే (ఒకటి వాడుతుంటే మరొకదాన్ని ఆపే తాళాలు) లేని యాక్టర్లు రెండు, జవాబు కోసం ఒకదాన్నొకటి చూస్తూ నిలిచిపోయాయి. ఎలా?
– పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: అడిగి ఆగడమే ఇక్కడ లాకు. మొదటి యాక్టరుకు జవాబివ్వాల్సిన రెండోదే, మొదటిదాని జవాబు కోసం ఆగి ఉంది. ఎర్లాంగ్‌లో ఇలా అడిగి ఆగే జెన్‌సర్వర్ కాల్‌కు మామూలుగా 5000 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. గడువుతో ముడి తెగుతుంది గానీ, ఆలస్యంగా వచ్చిన జవాబును తర్వాతి ప్రశ్నకు జవాబని పొరబడే ప్రమాదముంది. ప్రతి ప్రశ్నకూ వేరే నంబరు ఇవ్వండి, పాత నంబరుతో వస్తే పారేయండి. భాషే కొత్తగా రాస్తున్నవారైతే ఆగే కాల్‌ను అసలు పెట్టకుండా, జవాబును కూడా మామూలు మెసేజ్‌గానే రానివ్వడం నయం.

ప్రశ్న: మెసేజ్‌ను కాపీ చేయాలా, పాయింటర్ (డేటా ఉన్న చోటు చిరునామా) పంపితే చాలా?
– పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: చిన్నవైతే కాపీ. పెద్ద డేటాను పంచుకోవచ్చు, అది మారనిదైతేనే. ఎర్లాంగ్‌లో 64 బైట్లు దాటిన బైనరీలను (బైట్ల వరసగా ఉండే డేటాను) ప్రాసెస్ హీప్ (యాక్టరు సొంత మెమరీ) బయట ఉంచి, ఎందరు వాడుతున్నారో లెక్క పెడతారు. అందులో చిన్న ముక్కను పట్టుకుని కూర్చున్నా మొత్తం బైనరీ మెమరీలోనే ఉండిపోతుంది. ముక్కే కావాలంటే దాన్ని విడిగా కాపీ చేసుకోండి.