సంధులు విడదీయడం వచ్చిన అమ్మాయికి ఈ పేర్లూ వస్తాయి

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. మా అమ్మాయి తెలుగు మీడియంలో చదువుకుంది. బైపీసీ అయ్యాక నెల్లూరులో ఫిజియోథెరపీ కోర్సులో చేరి మూడు నెలలైంది. ఎముకల పేర్లు, జబ్బుల పేర్లు ఎంత బట్టీ పట్టినా నిలవడం లేదని ఏడుస్తోంది. పోయిన వారం మా అమ్మ బాత్రూంలో జారిపడితే తుంటి దగ్గర ఆపరేషన్ చేశారు. డిశ్చార్జి కాగితం చదివి చెప్పమ్మా అంటే ఒక్క ముక్క అర్థం కాలేదని ఇంకా బెంగ పెట్టుకుంది. మాన్పించి డిగ్రీలో చేర్చమంటారా? కాగితం ఫొటో కూడా పంపుతున్నాను.

జవాబు: ఈ కారణానికైతే మాన్పించకండి. పేషెంట్ల ఒంటి మీద చెయ్యి వేసి పని చేయడం తనకు ఇష్టం లేదంటే అది వేరే సంగతి, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. పేర్ల భయమే అయితే నర్సింగ్‌కి వెళ్లినా, ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సుకి వెళ్లినా ఇవే పేర్లు ఎదురొస్తాయి. మూడు నెలలకే ఇవన్నీ నోటికి రాకపోవడం తెలివితక్కువతనం కాదని ముందు తనకు చెప్పండి.

మీరు పంపిన కాగితం నేను చదివాను. అందులో అసలు సంగతి నాలుగు వరుసలే. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదవండి.

మొదటి వరుస 'ఇంటర్‌ట్రొకాంటరిక్ ఫ్రాక్చర్, రైట్ ఫీమర్'. ఫీమర్ అంటే తొడ ఎముక. దాని పైభాగంలో, మెడ కింద, రెండు బొడిపెలుంటాయి. వాటిని ట్రొకాంటర్లు అంటారు. ఇంటర్ అంటే మధ్య. కుడి తొడ ఎముక ఆ రెండు బొడిపెల మధ్య విరిగిందన్నమాట. రెండోది 'సీఆర్ఐఎఫ్ విత్ పీఎఫ్ఎన్'. క్లోజ్డ్ రిడక్షన్, ఇంటర్నల్ ఫిక్సేషన్. రిడక్షన్ అనగానే తగ్గించడం అనుకుంటాం. ఇక్కడ అది కాదు, పక్కకు జరిగిన ఎముకను మళ్లీ చోటులో కూర్చోబెట్టడం. విరిగినచోట కోసి తెరవకుండా, కాలు లాగి సరిచేశారు కాబట్టి క్లోజ్డ్. లోపల లోహంతో బిగించారు కాబట్టి ఇంటర్నల్ ఫిక్సేషన్. ప్రాక్సిమల్ అంటే మొండేనికి దగ్గరి వైపు. ప్రాక్సిమల్ ఫీమోరల్ నెయిల్ అంటే తొడ ఎముక పైభాగంలో, మూలుగ ఉండే గొట్టంలోకి దించిన రాడ్డు. మూడో వరుసలో ఉన్న 'పార్షియల్ వెయిట్ బేరింగ్' అంటే వాకర్ పట్టుకుని ఆ కాలి మీద కొంత బరువే మోపాలి. ఎంత అన్నది మీ డాక్టరు చెప్పాలి.

నాలుగో వరుస చూడండి. 'యాంకిల్ పంప్స్, స్టాటిక్ క్వాడ్స్'. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం మొదటిది, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా. తొడ ముందున్న నాలుగు తలల కండరం క్వాడ్రిసెప్స్. మోకాలు కదపకుండా దాన్ని బిగించి వదలడం రెండోది. ఈ వరుస మీ అమ్మాయి ఉద్యోగమే. అర్థం కాలేదని ఏడ్చిన కాగితంలో తన పనే రాసి ఉంది.

ఇక బట్టీ సంగతి. తను బళ్లో తెలుగు వ్యాకరణం చదివింది కదా. 'విడదీసి రాయండి' అంటే మృదులాస్థిని మృదుల + అస్థి అని రాసే ఉంటుంది. మెత్తటి ఎముక, కార్టిలేజ్. అస్థి అంటే ఎముక, సంధి అంటే కీలు. గ్రీకు భాషలో ఆస్టియో ఎముక, ఆర్థ్రో కీలు, మయో కండరం, కాండ్రో మృదులాస్థి. చివర ఐటిస్ వస్తే వాపు, మంట. ఆల్జియా వస్తే నొప్పి. రాముడు + అతడు రాముడతడు అయినట్టే, ఆర్థ్రో + ఐటిస్ ఆర్థ్రైటిస్ అవుతుంది. ముందున్న అచ్చు పోతుంది. వెనక హల్లు వస్తే అచ్చు ఉండిపోతుంది, అందుకే ఆర్థ్రోస్కోపీ. స్కోపీ అంటే లోపలికి గొట్టం పెట్టి చూడటం. ప్లాస్టీ అంటే మళ్లీ మలచడం, మోకాలి చిప్పల ఆపరేషన్ అని మన ఊళ్లో చెప్పుకునేది ఆర్థ్రోప్లాస్టీయే. డెసిస్ అంటే కట్టేయడం, ఆర్థ్రోడెసిస్ చేస్తే ఆ కీలు ఇక కదలదు. ముప్పై నలభై ముక్కలు వస్తే కొన్ని వందల పేర్లు వాటంతటవే విడిపోతాయి.

ఐటిస్‌కీ ఓసిస్‌కీ తేడా మాత్రం ఇలా నేర్చుకునే మొదటి నెలలోనే గట్టిపడాలి. మెడనొప్పి ఉన్న ప్రతివాళ్లూ 'నాకు స్పాండిలైటిస్' అంటారు. వాళ్లలో చాలామందికి ఉండేది స్పాండిలోసిస్, అంటే వెన్నుపూసల అరుగుదల. స్పాండిలైటిస్ వెన్నుపూసల వాపు జబ్బు, దాని మందులే వేరు. అదే కుటుంబంలో స్పాండిలోలిస్తెసిస్ ఉంది, ఒక పూస పక్కపూస మీదుగా జారడం. పేరులో ఐటిస్ ఉన్నా అరుగుదల జబ్బే అయిన మోకాళ్ల ఆస్టియోఆర్థ్రైటిస్‌లో పొద్దున లేవగానే ఉండే బిగుతు సాధారణంగా అరగంటలోపు వదులుతుంది. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో గంట దాటినా వదలదు. పేరు అర్థమైన పిల్లకు ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. నోట్సు తెలుగు లిపిలో రాసుకుంటుంటే ఆపేయమనండి. తుంటి ఎముక ఇలియం, చిన్నపేగు చివరి భాగం ఇలియం, మన లిపిలో రెండూ ఒకటే. ఇంగ్లిష్‌లో మూడో అక్షరం ఐ అయితే ఎముక, ఈ అయితే పేగు. మయో కండరం, మయెలో మూలుగ లేదా వెన్నుపాము. ఎముకకు, మూలుగకు వచ్చే వాపు ఆస్టియోమయెలైటిస్. దాన్ని కండరాల జబ్బు అని రాసి మార్కులు పోగొట్టుకున్న పిల్లలు నా దగ్గరకు వచ్చారు. అబ్డక్షన్, అడ్డక్షన్ మరీ కష్టం. చెయ్యి ఒంటికి దూరంగా తీయడం, దగ్గరకు తేవడం. అందుకే చాలామంది 'ఏ-బీ-డక్షన్', 'ఏ-డీ-డక్షన్' అని అక్షరాలు విడగొట్టి పలుకుతారు. తనకూ అదే అలవాటు కావాలి.

అర్థం మాత్రం తెలుగులోనే పక్కన రాసుకోవాలి, అదీ పేషెంటు నోటి మాటలో. గుజ్జు అరిగింది, నడుం పట్టేసింది, కాలు గుంజుతోంది, కీలు తొలగింది. బెణికిందంటే లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, సాగితే స్ప్రెయిన్, కండరం సాగితే స్ట్రెయిన్. ఏదో తేల్చాల్సింది తనే. పుత్తూరు కట్టు కట్టించుకుని నెల తర్వాత వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లను కసురుకోకుండా మాట్లాడటానికి ఈ మాటలే పనికొస్తాయి.

మీ పొదిలి, కనిగిరి వైపు పిల్లకు ఇంకొకటి కలిసొస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుం బిగుసుకుపోయి వంగలేని పెద్దవాళ్లను తను చిన్నప్పటినుంచీ చూసే ఉంటుంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. అప్పటికి పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవే, 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాకు (తర్వాత ప్రకాశం) వచ్చాయి. స్క్లీరోసిస్ అంటే గట్టిపడటం. ఫ్లోరోసిస్ ఎముకకు ఆస్టియోస్క్లీరోసిస్ వస్తుంది, ఎక్స్‌రేలో చిక్కగా కనిపిస్తుంది, అయినా పెళుసుగా ఉండవచ్చు. ఆస్టియోపోరోసిస్‌లో ఎముక గుల్లబారుతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టీ-స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువకుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆ పేరు పెడతారు.

మీ అమ్మగారు నిలబడ్డ ఎత్తునుంచి జారితేనే తొడ ఎముక విరిగింది కాబట్టి ఎముక బలం పరీక్ష కావాలేమో డాక్టరును అడగాల్సిందే. కుట్లు చూపించడానికి వెళ్లేటప్పుడు అమ్మాయి చేతికే ఆ కాగితం ఇచ్చి లోపలికి పంపండి. ఈ ప్రశ్న తనే అడగాలి. బరువు ఎప్పటినుంచి పూర్తిగా మోపవచ్చో కూడా తనే అడిగి, ఇంటికొచ్చాక నాయనమ్మకు ఒక్క ఇంగ్లిష్ ముక్క లేకుండా చెప్పమనండి. నాయనమ్మకు అర్థమైతే నాకు మళ్లీ రాయండి, రెండో నెలకు ఏ ముక్కలు నేర్చుకోవాలో పంపుతాను.