ఓవెన్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదువు పాపా

పాపా,

గాజులమండ్యంలో షెడ్డు తీసుకుని, ఇనుప సరుకు మీద రంగుపొడి చల్లి ఓవెన్లో కాల్చే పౌడర్ కోటింగ్ యూనిట్ పెడతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో అందరూ జీతాలకు పోయినోళ్లే, నలుగురికి జీతం ఇస్తానని లేచింది నువ్వే. వినంగానే మనసు నిండింది. అంతలోనే సరుకు గొలుసు మీద కదులుతూ పోయే గ్యాస్ కన్వేయర్ ఓవెన్‌కి అడ్వాన్స్ కడతావంట అనింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కన్వేయర్ ఇప్పుడే ఎందుకమ్మా? ఒకే రకం సరుకు రోజంతా తెగకుండా వచ్చేవాళ్లకి అది. నీకొచ్చేది ఈరోజు గేట్లు, రేపు ప్యానెల్ బోర్డులు, ఎల్లుండి బండి రిమ్ములు. మందం మారినప్పుడల్లా గొలుసు వేగం మార్చాలి. కరెంటు పోతే లోపలి సరుకు లోపలే నిలిచిపోతుంది. ట్రాలీ తోసే పెట్టె ఓవెన్ చాలు. కిరణాలతో వేడిచేసే ఇన్‌ఫ్రారెడ్ ఓవెన్ అమ్మేవాడు రేకు నిమిషాల్లో వేడెక్కడం చూపిస్తాడు. నిజమే, కానీ గేటు డిజైన్ల వెనక మూలల్లో ఆ వేడి సోకదు. వేడిగాలి తిరిగేదే అడుగు.

మీటర్ 200 చూపిస్తే అది గాలి వేడి. మామూలు పౌడర్‌కి ఇనుమే 180 నుంచి 200 డిగ్రీలకు చేరి, అక్కడినుంచి 10, 15 నిమిషాలు ఉండాలి. వేడి కొలిచే తీగ, అదే థర్మోకపుల్, సరుక్కే తగిలించి చూడు.

గ్యాస్ చవకని నీ లెక్క. లెక్క తప్పు కాదు, అయినా ఇది విను. నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో గ్యాస్ మిగులుతుందని ఓనరు పొగగొట్టం డాంపర్, అంటే లోపలి గాలి బయటికి పోయే రేకు తలుపు, మూయించాడు. ఆరోజు థిన్నర్ కలిపిన పెయింట్ సరుకు కూడా అదే ఓవెన్లో పెట్టారు. బర్నర్ ట్రిప్ అయి ఆరిపోయింది. ఆపరేటర్ కుర్రాడు దాన్ని వెలిగించడానికి రీసెట్ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. లోపల చేరిన గ్యాసూ థిన్నర్ ఆవిరీ అంటుకుని పేలి, తలుపు ఊడి ఎదుటి గోడ దగ్గర పడింది. కీలు బోల్టులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి, రేకే చిరిగిపోయింది. ఆ కుర్రాడికి నీ వయసే. రెండు చేతులూ కాలి, మళ్లీ పనిలోకి రాలేదు. డాంపర్ మూయమన్న మనిషి మాత్రం తప్పంతా వాడిదేనన్నాడు.

అందుకే మొదటి ఓవెన్ కరెంటుదే తీసుకో తల్లీ, బిల్లు ఎక్కువొచ్చినా. గ్యాసే కావాలంటే, ఫ్యాన్ తిరిగి లోపలి గాలి కనీసం 4 సార్లు మారందే బర్నర్ వెలగకూడదు. ఫ్యాన్ ఆగితే గ్యాస్ దానంతటదే ఆగాలి. వేడి హద్దు దాటితే ఆపే కట్‌ఆఫ్ విడిగా ఉండాలి. పేలినా మనుషుల మీదికి రాకుండా పైకి తెరుచుకునే ప్యానెల్ ఉండాలి. ఇవన్నీ కొటేషన్లో రాసివ్వమను, నోటిమాట ఒప్పుకోవద్దు. ఎల్పీజీ గాలికంటే బరువు, కారితే నేలబారున పోయి గుంతల్లో చేరుతుంది. సిలిండర్ల పక్కన డ్రైనేజీ గుంత ఉందేమో ముందు చూడు. థిన్నర్ పెయింట్ సరుకు ఎవరు బతిమాలినా ఓవెన్లోకి రానివ్వొద్దు, నేను అడిగినా సరే.

తిట్టినట్టుందా? నీ చేతులు తలుచుకుంటే మాట గట్టిగా వచ్చేస్తుంది. ఆదివారం పొద్దున్నే రేణిగుంట బస్సెక్కి వస్తా, టేపు పెట్టి షెడ్డు కొలుద్దాం. అందాకా ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు.

మీ మామయ్య