అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ పిల్లలు చదువు మధ్యలో మానేయకుండా ట్యూటర్‌గా నేనేం చేయగలను?

వచ్చే నెల నుంచి లెక్కల ట్యూటర్‌గా చేరుతున్నానన్నారు, ఆల్జీబ్రా ఎలా చెబితే పిల్లలు మధ్యలో మానేయకుండా డిగ్రీ దాకా వస్తారని అడిగారు. ఆల్జీబ్రా సంగతి తర్వాత చూద్దాం. నేను ఒహాయోలో ఒక కమ్యూనిటీ కాలేజీ (ఎక్కువగా రెండేళ్ళ డిగ్రీలుండే ప్రభుత్వ కాలేజీ) మ్యాథ్ ల్యాబ్‌లో 2017 నుంచి పనిచేస్తున్నాను, అంతకు ముందు హెచ్4 వీసా (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఇంట్లో ఊరికే కూర్చోలేక అదే కాలేజీలో అకౌంటింగ్ చదివాను. ఇన్నేళ్ళలో నేను చూసింది ఏమిటంటే, మనుషులు లెక్కలు రాక మానేయరు. బస్సు లేక మానేస్తారు. నవ్వకండి, చెప్తాను.

ముందు ఆ "పిల్లలు" అనే మాట పక్కన పెట్టండి. మీ ముందు కూర్చునేవాళ్ళలో మీకంటే పెద్దవాళ్ళు బోలెడంతమంది ఉంటారు. ఇద్దరు పిల్లల తల్లి ఉంటుంది, సైన్యం నుంచి వచ్చినవాడు ఉంటాడు, పక్కనే పదహారేళ్ళ హైస్కూలు కుర్రాడు ఉంటాడు, వాళ్ళందరికీ కలిపి ఒకటే క్లాసు.

నేను చెప్పబోయే ఆయనకు నలభై దాటాయి. గోదాములో రాత్రి డ్యూటీ, పెట్టెలు ఎత్తి బెల్టు మీద వేసే పని. నడుము పోతోంది, ఇంకెన్నాళ్ళో చేయలేనని, ఏసీలూ హీటర్లూ బాగుచేసే కోర్సులో చేరాడు. దానికి లెక్కలు ఒక సబ్జెక్టు కావాలి. మంగళ, గురువారాలు సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదీ ఇరవై దాకా క్లాసు. సాయానికి నన్ను కూడా క్లాసులో కూర్చోబెట్టేవాళ్ళు. మొదట్లో అందరికంటే ముందు వచ్చేవాడు. భిన్నాలంటే భయం, కానీ వదిలేవాడు కాదు, ఒకే లెక్కని చెరిపి చెరిపి చేస్తుంటే కాగితానికి చిల్లు పడేది.

సెప్టెంబర్ చివర్లో ఏమైందో ఏమో, బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే కూర్చోవడం మొదలుపెట్టాడు. జాకెట్ కూడా విప్పడు. ఎనిమిది కొట్టగానే లేచి వెళ్ళిపోతాడు. మాస్టారు హోంవర్క్ లెక్కలు బోర్డు మీద చేసి చూపించేది సరిగ్గా ఆ ఆఖరి ఇరవై నిమిషాల్లోనే. "ఇతనికి శ్రద్ధ పోయింది" అన్నారాయన. నేను ఇంకాస్త ముందుకు వెళ్ళి, ఒకరోజు గోడ గడియారం వంక చూస్తుంటే "ఎక్కడికో తొందరగా వెళ్ళాలి అనుకుంటా" అని వెటకారంగా అన్నాను. సారీ అన్నాడు, అంతే. అక్టోబర్ మధ్య నుంచి కనిపించలేదు. నిజం చెప్పాలంటే నేనూ పెద్దగా పట్టించుకోలేదు, సెమిస్టర్ సగమయ్యేసరికి మూడో వంతు కుర్చీలు ఖాళీ కావడం మాకు అలవాటే.

జనవరిలో ఒకరోజు ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, చేతిలో ఒక కవరుతో. కాలేజీకి 611 డాలర్లు బాకీ ఉన్నాడని, అది కట్టేదాకా మళ్ళీ రిజిస్టర్ చేసుకోవడానికి వీల్లేదని అందులో ఉంది. "టీచర్, నేను చదవనే లేదు కదా, మరి దేనికి డబ్బు?" అని అడిగాడు.

అప్పుడు తెలిసింది అసలు కథ. కారు ట్రాన్స్‌మిషన్ పోయింది. రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఆఖరి బస్సు ఎనిమిదీ పన్నెండుకి, అదీ క్యాంపస్ లోపలికి రాదు, మెయిన్ రోడ్డు మీదే. మా కాలేజీకి వేల కార్లు పట్టే పార్కింగ్ ఉంది, బస్ స్టాప్ మాత్రం ఆ పార్కింగ్ దాటి పది నిమిషాలు నడిస్తే గానీ రాదు. ఆ బస్సు తప్పితే రాత్రి పదింటికి మొదలయ్యే డ్యూటీకి అందుకోలేడు. రెండుసార్లు లేటయితే సూపర్‌వైజర్ వార్నింగ్ ఇచ్చాడట. ఇక కాలేజీయే మానేశాడు.

మానేయడానికి కూడా ఇక్కడ ఒక పద్ధతి ఉంటుంది, అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. గడువులోపు ఆన్‌లైన్‌లో కోర్సు వదిలేసుకుంటే మార్కుల జాబితాలో డబ్ల్యూ, అంటే విత్‌డ్రా అయినట్టు పడుతుంది. ఊరికే రావడం ఆపేస్తే ఎఫ్, అంటే ఫెయిల్ పడుతుంది. ఆయన చదువుకు వచ్చింది పెల్ గ్రాంట్, పేద విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది, 2024–25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు అని పోస్టర్ల మీద ఉంటుంది. సెమిస్టర్‌లో 60 శాతం గడవక ముందే చదువు ఆపేస్తే కొంత వెనక్కి పోతుందని, ఆ మేరకు కాలేజీ మన మీద బిల్లు వేస్తుందని పోస్టర్ మీద ఉండదు. దానికితోడు తీసుకున్న క్రెడిట్లలో (కోర్సుల్ని లెక్కగట్టే యూనిట్లు) సాధారణంగా 67 శాతం పూర్తి చేయకపోతే తర్వాతి సాయం కూడా ఆగిపోతుంది. డబ్ల్యూ తీసుకున్నా ఈ రెండూ పూర్తిగా తప్పేవి కావు, కనీసం ఎఫ్‌లు తప్పేవి. కారు చెడింది, అందువల్ల క్లాసు పోయింది, అందువల్ల గ్రాంట్ పోయింది, పైగా బాకీ మిగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఆయన్ని తీసుకుని నేను మూడు ఆఫీసులకు తిరిగాను. సాయం ఇచ్చే ఆఫీసువాళ్ళు ఫీజుల కౌంటర్‌కి వెళ్ళమన్నారు. వాళ్ళు అడ్వైజర్‌ని కలవమన్నారు. అడ్వైజర్ అపాయింట్‌మెంట్ పదకొండు రోజుల తర్వాత ఉంది. ప్రతి కిటికీ దగ్గరా ఆయన కారు కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది, మూడో కిటికీ దగ్గరికి వచ్చేసరికి చెప్పడం మానేసి నేల వంక చూస్తూ నిలబడితే నేనే చెప్పాను. చివరికి ఒక పెద్దావిడ జాలిపడి అప్పీలు ఫారం ప్రింట్ తీసి ఇచ్చి, కారు పాడైనట్టు మెకానిక్ రసీదు జతచేయమంది. రసీదు లేదు. వాళ్ళ బంధువెవరో ఇంటి ముందే బానెట్ ఎత్తి చూసి, ఇక దీన్ని అమ్మేసుకో అన్నాడు. బాగుచేయించుకునే స్తోమత లేక మూలన పడేసిన కారుకి రసీదు ఎవరిస్తారండీ? రసీదు ఉన్నవాడికి అప్పీలు అవసరమే ఉండదు.

అప్పీలు తిరిగొచ్చింది. నెలకు 50 డాలర్ల చొప్పున ఏడాదికి పైగా కట్టాడు. ఈలోగా ఇంకో పాత కారు కొన్నాడు. బాకీ తీరి, రిజిస్ట్రేషన్‌ను ఆపిన హోల్డ్ తీసేశాక పగటిపూట క్లాసులో చేరి, అదే లెక్కల సబ్జెక్టులో బి గ్రేడు తెచ్చుకున్నాడు. అదే మనిషి, అవే భిన్నాలు. ఇప్పుడు చెప్పండి, ఆయనకు రానిది ఆల్జీబ్రానా?

ఇది నా ఒక్కదాని గోల అనుకోకండి. న్యూయార్క్‌లో సిటీ యూనివర్సిటీవాళ్ళు 2007లో తమ కమ్యూనిటీ కాలేజీల్లో ఏసాప్ అని ఒక సాయం పథకం మొదలుపెట్టారు. ఫుల్‌టైం చదవాలి, దానికి బదులుగా ఫీజులో తక్కువ పడింది వాళ్ళే కడతారు, పుస్తకాలకు సాయం చేస్తారు, కొద్దిమందిని మాత్రమే చూసుకునే అడ్వైజర్‌ని ఇస్తారు, దాంతోపాటు సబ్‌వే రైళ్ళకీ బస్సులకీ పనికొచ్చే మెట్రోకార్డు అప్పట్లో ఫ్రీగా ఇచ్చేవారు. లాటరీ తీసినట్టు కొందర్ని ఇందులో వేసి కొందర్ని వేయకుండా పోల్చి చూశారు. మూడేళ్ళలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు ఇందులో 40 శాతం, బయట 22 శాతం. తర్వాత మా ఒహాయోలో మూడు కాలేజీల్లో అదే పద్ధతి పెడితే ఇక్కడా రెట్టింపుకు దగ్గరగా వచ్చింది, ఇక్కడ సబ్‌వే లేదు కాబట్టి పెట్రోలుకో కిరాణాకో పనికొచ్చే కార్డు నెలకు 50 డాలర్లది ఇచ్చారు. ఆ ఫలితానికి కారణం అడ్వైజరే అని కొందరు అంటారు. నేను మాత్రం ఆ కార్డే అంటాను. ఎందుకంటే ఆ కార్డు కోసం నెలనెలా అడ్వైజర్ దగ్గరికి వస్తారు, వచ్చినప్పుడు మిగతా కష్టాలు బయటపడతాయి. టెక్సస్‌లో అమరిల్లో కాలేజీవాళ్ళు కూడా మీ చదువుకు ఏం అడ్డొస్తోందని విద్యార్థుల్నే అడిగితే, పెద్ద పెద్ద అడ్డంకుల్లో ఒక్కటి కూడా తరగతి గదికి సంబంధించింది కాదట. పిల్లల్ని చూసుకునేవాళ్ళు లేకపోవడం, ప్రయాణం, తిండి, ఇంటద్దె, ఇవీ.

బస్సు మీద నాకింత పట్టుదల ఎందుకంటే, నా చదువూ బస్సు మీదే నడిచింది. పల్నాడులో మా ఊరి నుంచి పట్నం కాలేజీకి పొద్దున ఒక ఎర్రబస్సు, సాయంత్రం ఒకటి. స్టూడెంట్ పాస్ జేబులో ఉంటే చదువు ఉన్నట్టు. బీకాం రెండో ఏడాదిలో సాయంత్రం ట్రిప్పు తీసేశారు. మా పక్కవీధి అమ్మాయి, నాకంటే బాగా చదివేది, ఆటోలో చీకటి పడ్డాక రావడం వాళ్ళ నాన్నకు ఇష్టంలేక మానిపించాడు. నాకు పట్నంలో పిన్ని వాళ్ళిల్లు ఉంది కాబట్టి అక్కడ ఉండి గట్టెక్కాను. మా లెక్చరర్ గారు మాత్రం హాజరు తీసుకుంటూ "ఆడపిల్లలకు చదువు మీద శ్రద్ధ ఉండదు" అనేవారు. పాతికేళ్ళ తర్వాత, ఏడు సముద్రాలు దాటొచ్చాక, అదే మాట ఇంగ్లీషులో విన్నాను. అప్పుడు నేనూ ఔనని తలూపాను, అదీ నా బాధ.

ఇక పుస్తకాల సంగతి. మనకు సీనియర్ల దగ్గర సగం ధరకు గైడు దొరికేది, పెన్నుతో గీతలు గీసి ఉన్నా సరే అదే చాలేది. ఇక్కడ హోంవర్క్ సబ్మిట్ చేయాలంటే యాక్సెస్ కోడ్ కొనాలి, వంద డాలర్ల పైమాట, సెమిస్టర్‌తో గడువైపోతుంది, ఇంకొకరికి అమ్ముకోవడానికీ లేదు. మొదటి రెండు వారాలు హోంవర్క్ సున్నా అయితే ఆ మనిషి బద్ధకస్తుడనుకోకండి, కోడ్ కొనడానికి జీతం రోజు కోసం చూస్తూ ఉండొచ్చు.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నేను కమ్యూనిటీ కాలేజీలో చేరానంటే "డిగ్రీ ఉందిగా, మళ్ళీ ఆ ఇంటర్ కాలేజీకెందుకు" అన్నవాళ్ళున్నారు. అదే వాళ్ళు తమ పిల్లలు హైస్కూల్లో ఉండగానే అదే కాలేజీలో, ఒహాయోలో 2015 నుంచి ఉన్న కాలేజ్ క్రెడిట్ ప్లస్ కింద, ఉచితంగా క్రెడిట్లు తీసుకునేలా వేసవి నుంచే ప్లాన్ వేస్తారు. ఉచిత క్రెడిట్లకు మంచి కాలేజీ, చేరి చదవడానికి మాత్రం పరువు తక్కువ. పోయినేడాది ఒక తెలుగు కుర్రాడు నర్సింగ్‌కి ముందు కోర్సులు చేస్తూ చక్కగా చదువుతున్నవాడు, దసరా పార్టీలో ఎవరో అడిగితే వాళ్ళమ్మ "గ్యాప్ ఇయర్ తీసుకున్నాడు" అని చెప్పిందట. ఆ అబ్బాయే నాతో చెప్పుకుని బాధపడ్డాడు. అవును, ఆరేళ్ళు గడిచినా ఇక్కడ చేరినవాళ్ళలో సగం మంది కూడా ఏ డిగ్రీ అందుకోరు, ఆ మాట నిజమే. దానికి కాలేజీ ఎంత కారణమో, చదివేవాడిని దాచిపెట్టుకునే ఇల్లూ అంతే కారణం అని నా గట్టి నమ్మకం.

సరే, మీరు అడిగింది ట్యూటర్‌గా ఏం చేయాలని. మొదటి రోజు భిన్నాలు ఎలా మొదలుపెట్టాలా అని టెన్షన్ పడకండి. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని ఇవాళ ఎలా వచ్చారు, ఎలా వెళ్తారు, క్లాసయ్యాక ఎక్కడ పని, అని మామూలు కబుర్లలా అడగండి. కోర్సు వదిలేసుకునే ఆఖరి తేదీ కనుక్కుని ల్యాబ్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి, వదలాలనుకుంటే ముందు సాయం ఆఫీసులో కనుక్కోమని కింద ఇంకో లైను కూడా రాయండి. నేను రాస్తే మా సూపర్‌వైజర్ "మానేయమని ప్రోత్సహిస్తున్నట్టుంది" అని ఒకసారి చెరిపించారు, మళ్ళీ రాశాను. కాలేజీలో అత్యవసర నిధి ఉందేమో చూడండి, ఉంటే ఆ ఫారం మీరే ఒకసారి నింపి చూడండి, ఎన్ని పేజీలో తెలుస్తుంది. రెండు క్లాసులు వరుసగా రాకపోతే ఈమెయిల్ పంపకండి, ఎవరూ చూడరు. కాలేజీ ఒప్పుకుంటే మెసేజ్ పెట్టండి, "ఈ వారం కనబడలేదు, అంతా బాగేనా" అని, అంతకంటే ఎక్కువ వద్దు. మా మాస్టారుకి ఆ బస్సు సంగతి చెప్పాక ఆయన హోంవర్క్ లెక్కల్ని క్లాసు మొదట్లోకి మార్చారు. ఆయన మంచివారే, ఆయనకూ ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆల్జీబ్రా ఎలా చెప్పాలో కూడా రాయమంటే రాస్తాను, అది ఇంతకంటే సులువు. మీరు మాత్రం పార్కింగ్ పర్మిట్ మొదటి వారంలోనే తీసుకోండి. ట్యూటర్లకు అక్కర్లేదని ఎవరో చెబితే నమ్మి, నేను రెండు పార్కింగ్ జరిమానాలు కట్టాను.