నర్సింగ్ సూపరింటెండెంట్ అయితే పేషెంట్లకు దూరమైపోతామా?

పదేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నానని, ప్రమోషన్ తీసుకుంటే ఫైళ్లు, మీటింగులే మిగులుతాయేమోనని అడిగారు. నేను స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సునై, చివరి తొమ్మిదేళ్లు సూపరింటెండెంట్‌గా ఉండి రిటైరయ్యాను.

మీ భయం సగం నిజమే. చెయ్యి మొద్దుబారుతుంది. ఒకసారి సిబ్బంది చాలక నేనే వార్డులోకి దిగితే, కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే చిన్న గొట్టం) పెట్టడానికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. పక్కనున్న జూనియర్ సిస్టర్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

కానీ పేషెంట్లకు దూరం కావడమంటారా, నా విషయంలో అలా జరగలేదు. ఆ సీట్లో మన చేతిలో ఉండేది డ్యూటీ రోస్టర్, అంటే ఎవరు ఏ వార్డులో, ఏ షిఫ్టులో చేయాలో రాసే పట్టిక. అదెంత పెద్ద బాధ్యతో నాకు మొదటి ఏడాదే తెలిసొచ్చింది. సర్జికల్ వార్డు నైట్ డ్యూటీలో ఉన్న సీనియర్ ఒకావిడ పదేపదే అడిగితే, మొహమాటానికి పోయి ఓపీకి మార్చాను. ఆ రాత్రి వార్డులో మిగిలింది కొత్తగా చేరిన ఇద్దరు. ఆపరేషనైన ఒకాయనకు బ్లీడింగ్ మొదలైతే ఆలస్యంగా గుర్తించారు. చార్టులో ఒంటిగంట బీపీ ఉంది, నాలుగింటిది ఉంది, మధ్యలో గళ్లన్నీ ఖాళీ. మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లారు, బతికాడు. ఆ ఇద్దరికీ మెమో ఇమ్మన్నారు. రోస్టర్ వేసింది నేను, తప్పు నాదని రాసిచ్చాను. అప్పటినుంచి ఎవరు బతిమాలినా, ప్రతి నైట్‌లో అనుభవమున్న ఒకరైనా ఉండేలా చూశాకే సంతకం పెట్టేదాన్ని. కొందరు మాట్లాడటం మానేశారు, ఏం చేస్తాం.

రెండో పని, పోస్టులు అడగడం. 'పని భారం ఎక్కువగా ఉంది' అని రాసిన ఫైలు రెండుసార్లు వెనక్కొచ్చింది. మూడోసారి మూడు నెలల లెక్క జతచేశాను: ఏ రాత్రి ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు, ఎన్ని మందులు గంటకు పైగా ఆలస్యమయ్యాయి. దాంతోపాటు నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద చేసి 2002లో ప్రచురించిన అధ్యయనం పెట్టాను. ఒక్కో నర్సుకు ఒక్క సర్జరీ పేషెంట్ పెరిగినా, 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించిందని అందులో ఉంది. ఈసారి ఫైలు కదిలింది. అడిగినన్ని కాదుగానీ కొన్ని పోస్టులొచ్చాయి. లెక్కలతో వాదించడం నర్సులకు కొత్తేం కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే అందరికీ దీపమే గుర్తొస్తుంది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని 1858లో ఆమె బొమ్మలు గీసి మరీ చూపించిన లెక్కలు మన ట్రైనింగ్‌లో ఎవరైనా చెప్పారా? నాకైతే చెప్పలేదు.

చదువు విషయానికొస్తే, ఎమ్మెస్సీ నర్సింగ్ ఉంటే మంచిదే. అంతకంటే ముందు ఒక ఏడాది వార్డు ఇన్‌ఛార్జ్ అడిగి తీసుకోండి. ఇండెంట్లు (మందులు, సామాన్లు కావాలని రాసే పత్రాలు), స్టాక్ రిజిస్టర్, సర్వీస్ రూల్స్ అక్కడే వస్తాయి.

సీట్లోకి వెళ్లాక రాత్రి రౌండ్లు మాత్రం మానకండి. రెండు గంటలప్పుడు చెప్పకుండా వెళ్లండి. తిట్టడానికి కాదు. ఎమర్జెన్సీ ట్రాలీలో మందులున్నాయో లేదో చూసి, సిస్టర్‌ను పది నిమిషాలు కూర్చోమని చెప్పి, ఆ కాసేపు వార్డు మీరు చూసుకోండి.