ఆఫీసు ఫైలు పేపరుకిస్తే వాక్ స్వాతంత్య్రం నన్ను కాపాడుతుందా?

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేస్తున్నాను. ఒక టెండరులో గోల్‌మాల్ జరిగిందని తేల్చే నోట్‌ఫైలు ఫొటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. ఫైలు మీద 'కాన్ఫిడెన్షియల్' అని ముద్ర ఉంది. పత్రికకిస్తే వాక్ స్వాతంత్య్రమిచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) నన్ను కాపాడుతుంది కదా? రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో కాపాడింది అంటున్నారు.

జవాబు:

రఫేల్‌లో సుప్రీంకోర్టు కాపాడింది అచ్చు వేసిన పత్రికను, ఆ కాగితాలను కోర్టు ముందు పెట్టిన పిటిషనర్లను. రక్షణ శాఖ అల్మారా నుంచి వాటిని బయటికి తెచ్చిన మనిషి గురించి ఆ తీర్పులో అభయమేమీ లేదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది ఉద్యోగులు దెబ్బతింటారు.

జరిగింది ఇదీ. 2019 ఫిబ్రవరిలో 'ది హిందూ' ఆ కొనుగోలు మీద రక్షణ శాఖ రాసుకున్న నోట్స్ ప్రచురించింది. మార్చి 6న అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ కోర్టులో లేచి పత్రాలు దొంగతనానికి గురయ్యాయన్నారు. రెండు రోజులకే, తన ఉద్దేశం జిరాక్సు కాపీలని సర్దుకున్నారు. ఏప్రిల్ 10న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఒకటే మాటగా తేల్చింది: రహస్యమని ముద్ర వేసిన కాగితాన్ని అచ్చు వేయకుండా గానీ, కోర్టుకు చూపకుండా గానీ ఆపే అధికారం 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రభుత్వానికి ఇవ్వలేదు. బాగానే ఉంది. కానీ కొనుగోలు మీద ముందు ఇచ్చిన తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లను అదే బెంచి నవంబర్ 14న కొట్టేసింది. కాగితం చూస్తామనడం వేరు, అందులో ఉన్నదాన్ని ఒప్పుకోవడం వేరు.

కాబట్టి మీరు బయటపెట్టేది నిజమా కాదా అని అడిగే ముందు, ఎవరి చేతికి ఏ దారిలో వెళ్తోందని అడగండి. మన చట్టం మొదట చూసేది దాన్నే. అదే నోట్‌ఫైలు వివరాలు ఒక దారిలో వెళ్తే మీరు ఫిర్యాదుదారు, ఇంకో దారిలో వెళ్తే ముద్దాయి.

అధికార రహస్యాల చట్టంలో మీకు తగిలేది 5వ సెక్షన్. ఉద్యోగం వల్ల చేతికొచ్చిన అధికారిక కాగితాన్ని, సమాచారాన్ని అధికారం లేనివాళ్లకు చెప్పడం నేరం. హక్కు లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. జాగ్రత్త చేయకపోవడం కూడా నేరమే. తెలిసి పుచ్చుకున్నవాడికీ ఇదే సెక్షన్. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. గూఢచర్యం కింద 14 ఏళ్ల వరకు వెళ్లే 3వ సెక్షన్ వేరు, టెండరు ఫైలుకు అది వర్తించదు. ఒక ఊరట ఉంది: 13వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం అధికారమిచ్చి ఫిర్యాదు చేయిస్తే తప్ప కోర్టు ఈ కేసు చేపట్టదు. మీ మేనేజరుకు కోపమొచ్చినంత మాత్రాన ఈ చట్టం కింద విచారణ మొదలుకాదు.

ఇక ముద్ర సంగతి. టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రిస్ట్రిక్టెడ్ అనే నాలుగు మెట్లు ఆఫీసు నియమావళిలో ఉన్నాయి కానీ, 'రహస్యం' అంటే ఏమిటో చట్టంలో నిర్వచనమే లేదు. అందుకే ముద్ర ఉండీ కేసు వీగిపోతుంది, ముద్ర లేకుండానే మనిషి జైల్లో కూర్చుంటాడు. పెట్టుబడుల ఉపసంహరణ మీద కేబినెట్ నోట్ అచ్చు వేసిన పాత్రికేయుడిని, కేవలం ముద్రతో నేరం కాదంటూ ఢిల్లీ కోర్టు 2009లో వదిలేసింది. దానికి పూర్తి విరుద్ధం పాత్రికేయుడు ఇఫ్తికార్ గిలానీ కేసు. 2002 జూన్‌లో ఆయన్ని అరెస్టు చేసింది కంప్యూటర్లో దొరికిన ఒక పత్రం మీద. అది ఇస్లామాబాద్ సంస్థ ఒకటి ప్రచురించింది, ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరికేదే. అందులో రహస్యం లేదని సైనిక నిఘా విభాగం ఒప్పుకునేసరికి ఆయన తిహార్‌లో ఏడు నెలలు గడిపారు. చివరికి గెలిచారనే మాట నిజమే, ఆ ఏడు నెలలూ నిజమే. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లోనే ఈ చట్టాన్ని రద్దు చేయమంది. వందేళ్లు దాటినా కదల్లేదు.

అయితే ఉద్యోగికి నిజంగా తగిలే దెబ్బ దీనిది కాదు, ప్రవర్తనా నియమావళిది. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి నియమాల్లో 11వది, మీలాంటి సంస్థల్లో అదే అర్థమున్న సొంత నియమం. అనుమతి లేకుండా అధికారిక సమాచారం ఇవ్వడమే తప్పు, అది నిజమైనా సరే. పోలీసు కేసు అక్కర్లేదు, సందేహాతీతంగా రుజువు చేయక్కర్లేదు. శాఖాపరమైన విచారణలో, తప్పు జరిగి ఉండొచ్చనే వైపు మొగ్గితే చాలు. ముందు చార్జిమెమో, ఆ తర్వాత బదిలీ, ఆగిపోయిన ప్రమోషన్. 19(1)(ఎ) వాదన కోర్టులో నిలబడేసరికి రిటైర్మెంట్ వయసు వచ్చేస్తుంది. అమెరికాలో అయితే వేరుగా ఉంటుందని కూడా అనుకోకండి. అక్కడి 1917 నాటి గూఢచర్య చట్టంలో 'ప్రజాహితం కోసం చేశాను' అనే వాదనకు చోటే లేదు. అమెరికా నిఘా రహస్యాలు పత్రికలకిచ్చిన స్నోడెన్ 2013 నుంచి పరాయి దేశంలో ఉండిపోయింది అందుకే. పత్రికలకు రక్షణ, ఇచ్చినవాడికి శిక్ష అనే పద్ధతి అక్కడా ఉన్నదే. వికీలీక్స్ అసాంజ్ కేసు సంచలనమైంది ప్రచురించినవాడినే ముద్దాయిని చేసినందుకు. 2024 జూన్‌లో ఒక నేరం ఒప్పుకుని, అప్పటికే గడిపిన 62 నెలల జైలును శిక్షగా లెక్కించాక గానీ ఆయన ఇంటికి చేరలేదు.

మీకు పనికొచ్చే దారి 2004 ఏప్రిల్ 21 నాటి కేంద్ర తీర్మానం, ఆఫీసుల్లో పీఐడీపీఐ (PIDPI) అంటారు. కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు, పేరు దాచే హామీతో చేసే ఫిర్యాదు ఇది. దీని పుట్టుక తెలిస్తే నిబంధనలు వాటంతటవే అర్థమవుతాయి. జాతీయ రహదారుల ఇంజినీరు సత్యేంద్ర దూబే 2002లో ప్రధాని కార్యాలయానికి రోడ్డు పనుల్లో అవినీతి గురించి రాశారు. ఊరూ పేరూ లేని ఉత్తరమైతే పట్టించుకోరని తన వివరాలు విడి కాగితంలో జతచేసి, పేరు బయటికి రానివ్వవద్దని కోరారు. ఆ కాగితం ఫిర్యాదుతోపాటే బల్లలన్నీ తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ కోసం చేసిన హత్య అని సీబీఐ అంది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. కారణం మీద వాదనలు ఎలా ఉన్నా, పేరు దాచమన్న ఉత్తరం పేరుతో సహా తిరిగిందన్నది ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు పద్ధతి. ఉత్తరం మూసిన కవరులో కమిషన్ కార్యదర్శి పేరిట వెళ్లాలి: సతర్కతా భవన్, ఎ బ్లాక్, జీపీవో కాంప్లెక్స్, ఐఎన్ఏ, న్యూఢిల్లీ 110023. కవరు మీద 'PIDPI' అని ఇంగ్లిష్ అక్షరాల్లో స్పష్టంగా రాయాలి. అది మరిచిపోతే మీది మామూలు ఫిర్యాదు, పేరు దాచే బాధ్యత వాళ్లది కాదు. కవరు మీద మీ పేరు రాయకండి. పంపినవాళ్ల చిరునామా లేదని పోస్టాఫీసువాళ్లు నసిగితే, ఈ కవర్లకు అది అడగకూడదని తపాలా శాఖ ఆదేశమే ఉందని చెప్పండి. పేరు, చిరునామా లోపలి ఉత్తరం మొదట్లోనో చివరనో, లేదా విడి కాగితం మీదో ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరాలు తీసుకోరు. ఈమెయిలు, వెబ్‌సైటు ద్వారా పంపొద్దు. రసీదు రాదు, ఏమైందని మళ్లీ మళ్లీ రాయొద్దు.

ఎక్కువమంది బోర్లా పడేది తర్వాతి మెట్టులో. కమిషన్ మీకు ఉత్తరం రాసి రెండు అడుగుతుంది: ఈ ఫిర్యాదు మీరే చేశారా, ఇదే ఆరోపణ ఇంకెవరికైనా పంపారా. ఆ ఉత్తరం అందిన 30 రోజుల్లో, ఇంకెవరికీ పంపలేదని ధ్రువపత్రం ఇవ్వాలి. మన ఆఫీసు అలవాటు తెలిసిందే కదా, కింద 'ప్రతులు: రాష్ట్రపతి, ప్రధానమంత్రి, అన్ని పత్రికల సంపాదకులు' అని రాయనిదే ఉత్తరం పూర్తయినట్టు ఉండదు. ఆ ఒక్క వరుసతో రక్షణ పోతుంది. పత్రికకు ముందే ఇచ్చి తర్వాత ఇక్కడికి వచ్చినా అంతే. ధ్రువపత్రం ఇవ్వకపోతే గడువు తీరాక మామూలు ఫిర్యాదుల కుప్పలోకి వెళ్తుంది. అన్నట్టు, లోపల ఇచ్చే చిరునామా ఇంటిది ఇవ్వండి. ఢిల్లీ విజిలెన్స్ కవరు ఆఫీసు డిస్పాచ్ టేబుల్ మీద పడితే సాయంత్రానికి క్యాంటీన్ అంతా తెలుస్తుంది.

ఫిర్యాదులో వాక్యాలే మనిషిని పట్టిస్తాయి. 'నేను అభ్యంతరం రాసి పంపిన ఫైలును నాలుగు రోజుల తర్వాత తిప్పి పంపి నన్నే మార్చమన్నారు' అని రాస్తే సంతకం అక్కర్లేదు. దాన్నే ఇలా రాయొచ్చు: 'ఫలానా నంబరు టెండరులో ప్రైస్ బిడ్లు తెరిచిన తర్వాత అనుభవ అర్హతను ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. నోట్‌షీట్ 14వ పేజీలోని అభ్యంతరం, 17వ పేజీలోని ఆమోదం పోల్చి చూడాలి.' ఇందులో 'నేను' లేదు, కోపం లేదు, తనిఖీకి వచ్చినవాడు నేరుగా ఆ పేజీ తిప్పొచ్చు. కాగితం ఇవ్వక్కర్లేదు, కాగితం ఎక్కడుందో చెప్తే చాలు. ఫైలు స్వాధీనం చేసుకునే పని వాళ్లది.

ఆ లెక్కన మీ ఫోన్‌లోని ఫొటోలు మీరనుకున్నంత ఆస్తి కాదు, కొంత బరువే. వాట్సాప్‌లో స్నేహితులకు కూడా పంపకండి, ఒక లాయరుకు చూపించి ఏం చేయాలో అడగండి. కాపీ నుంచి మనిషిని ఎలా పట్టుకుంటారో అమెరికాలో రియాలిటీ విన్నర్ కేసు చూడండి. 2017లో ఒక నిఘా నివేదిక ఆమె నుంచి ఒక వార్తా సంస్థకు చేరింది. ఆ సంస్థ సరిచూసుకోవడానికి కాపీని ప్రభుత్వానికే చూపించింది. కాగితం మీద మడత గుర్తులున్నాయి కాబట్టి ఇది ప్రింటు తీసినదని గ్రహించారు. ప్రింటు తీసినవాళ్లు ఆరుగురు. వాళ్లలో ఆ సంస్థతో ఈమెయిలు సంబంధం ఉన్నది ఒక్కరికే. ఇంకేం కావాలి? 63 నెలల శిక్ష పడింది. చాలా రంగుల ప్రింటర్లు కంటికి ఆనని పసుపు చుక్కల్లో మెషీన్ నంబరు, సమయం అచ్చు వేస్తాయన్న సంగతి ఆ కేసుతోనే చాలామందికి తెలిసింది. మన పాత్రికేయులకు సోర్సు పేరు చెప్పకుండా ఉండే చట్టబద్ధ హక్కు లేదు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టంలో ఉన్నది ఆ కౌన్సిల్ విచారణ వరకే. జస్టిస్ ఎన్.వి. రమణ సుప్రీంకోర్టు బెంచి, ఫోన్లలో చొరబడే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో 2021 అక్టోబర్ 27న సోర్సుల రక్షణ పత్రికా స్వేచ్ఛలో భాగమని గట్టిగానే చెప్పింది, కానీ అది చట్టం చేసిన పని చేయదు.

వార్త జనంలోకి రావాలనే మీ కోరికకు సమాచార హక్కు చట్టం ఉంది. 8(2) ప్రకారం, అధికార రహస్యాల చట్టం అడ్డొచ్చినా నష్టం కన్నా ప్రజాహితం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చు. 22వ సెక్షన్ ఆ పాత చట్టం మీద దీన్ని పైచేయిగా పెట్టింది. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, పేజీకి 2. ఫైలు కూర్చుని చూడటానికి మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, దానిమీద 90 రోజుల్లో రెండోది. వాణిజ్య రహస్యమని 8(1)(డి) కింద తిరస్కరించడం రివాజు. కాంట్రాక్టు ఇచ్చేశాక ఆ సాకు పలచబడుతుంది, కాబట్టి టెండరు ముగిశాక అడిగితే మేలు. బయటి పౌరులు ఎవరైనా అడగొచ్చు. ఒక్క జాగ్రత్త: '14వ, 17వ పేజీల నకలు కావాలి' అని అడిగితే ఆ పేజీల్లో ఏముందో లోపలివాళ్లే చెప్పారని ఎవరికైనా తెలుస్తుంది. 'టెండరు ప్రకటన నుంచి కాంట్రాక్టు ఉత్తరం దాకా మొత్తం నోట్‌ఫైలు తనిఖీ' అని వెడల్పుగా అడగాలి.

పీఐడీపీఐ దారి కేంద్ర సంస్థల వరకే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులు పీఐడీపీఐ కవరు పంపితే కమిషన్‌కు పరిధి లేదు. వాళ్లకు ఏసీబీ (తెలంగాణలో 1064), లోకాయుక్త ఉన్నాయి గానీ ఇలాంటి పేరు దాచే ఏర్పాటు వాటిలో ఆశించవద్దు. ఈ ఖాళీ నింపాల్సిన 2014 ప్రజావేగుల (విజిల్‌బ్లోయర్ల) రక్షణ చట్టానికి రాష్ట్రపతి సంతకం అదే ఏడాది మే 9న పడింది. అమలు తేదీ మాత్రం ఇంతవరకూ నోటిఫై చేయలేదు. దాన్ని ఇంకా నీరుగార్చే సవరణ బిల్లు 2015లో లోక్‌సభ దాటి, రాజ్యసభలో ఆగి, 2019లో సభతోపాటే మురిగిపోయింది.

కవరు వేశాక వేధింపు మొదలైతే, బదిలీ ఉత్తర్వు, మెమో, సెలవు తిరస్కరణ, ఏదైనా సరే తేదీలతో ఒక డైరీలో రాసుకుని అదే కమిషన్‌కు రాయండి. రక్షణ అడిగే హక్కు ఆ తీర్మానంలోనే ఉంది. ప్రాణభయం దాకా వస్తే, అప్పటికి క్రిమినల్ కేసు నమోదై మీరు సాక్షి అయితే, 2018 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతలోని కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు.