గుర్రపు డెక్కల చప్పుడు ఎక్కడిది?

ప్రశ్న: మా అబ్బాయి ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ అనే వీడియో గేమ్ ఆడుతుంటే పక్కగదిలోకి గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. అది గడ్డి మీద ఒకలా, రాతి మీద మరోలా ఉంటోంది. సినిమాలో దృశ్యం ముందే సిద్ధంగా ఉంటుంది కనుక తగిన శబ్దం జోడిస్తారు. ఆటగాడు ఎటు పోతాడో తెలియని ఆటలో ఇది ఎలా సాధ్యం?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇటువంటి ఓపెన్ వరల్డ్ ఆటల్లో, అంటే ఆటగాడు తనకు నచ్చిన వైపు తిరగగలిగే ఆటల్లో, శబ్దాన్ని ఆట అప్పటికప్పుడు కూర్చుకుంటుంది, ఎలా కూర్చుకోవాలో సౌండ్ డిజైనర్లు ముందే నిర్ణయించి పెడతారు. సాధారణంగా గుర్రం నడక యానిమేషన్‌లో డెక్క నేలను తాకే ఫ్రేము దగ్గర ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు రాగానే ఆట, డెక్క కింద ఉన్నది గడ్డా, బురదా, రాయా అని చూసి, ఆ నేల కోసం దాచిన అనేక రికార్డింగుల్లోంచి ఒకదాన్ని తీసి, శ్రుతిని రవ్వంత మార్చి వినిపిస్తుంది. ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ వస్తే చెవి నాలుగు అడుగులకే పసిగడుతుంది మరి. ముడి శబ్దాల సేకరణలో సినిమావారి ఫోలీ పద్ధతి, అంటే మామూలు వస్తువులతో కావలసిన శబ్దాన్ని పుట్టించి రికార్డు చేయడం, ఇక్కడా పనికొస్తుంది: కొబ్బరి చిప్పలు డెక్కలవుతాయి, సెలరీ కాడ విరిస్తే ఎముక విరిగినట్టుంటుంది.

నా దృష్టిలో అసలు కష్టం, దేన్ని వినిపించకూడదో తేల్చడం. వాన, కత్తులు, సంగీతం, పదిమంది శత్రువుల అడుగులు ఒక్కసారిగా మోగితే ఏదీ వినబడదు. అందుకే ప్రతి శబ్దానికీ ఒక ప్రాధాన్యం ఇచ్చి, తక్కువదాన్ని తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. ఈ ఆటలో విలుకాడు బాణం వదిలే ముందు కేక వేస్తాడు. అతడు తెర మీద కనిపించకపోయినా ఆటగాడు తప్పుకోగలగాలి కాబట్టి ఆ కేక ఎంత గోలలోనైనా చెవిని చేరాలి.

డెక్కల చప్పుడు కన్నా నాకు నచ్చినది గాలి. 1274లో మంగోలులు జపాన్‌లోని సుషిమా దీవి మీదికి దండెత్తిన ఘట్టాన్ని తీసుకుని, అమెరికాకు చెందిన సకర్ పంచ్ అనే సంస్థ రూపొందించిన ఈ ఆట 2020లో వచ్చింది. ఇందులో దారి చూపే చిన్న పటం తెర మూలన ఉండదు. ఆటగాడు కంట్రోలర్ మీది టచ్‌ప్యాడ్‌ను వేలితో పైకి తోస్తే, వెళ్లవలసిన వైపుకు గాలి వీచి, గడ్డి అటు వంగుతుంది. ఈసారి పక్కగదిలో గాలిహోరు ఉన్నట్టుండి పెరిగితే, మీ అబ్బాయి దారి అడిగాడని అనుకోవచ్చు.