పాన్, ఆధార్ చాలవంటే ఏం చేయాలి: విజయనగరం నుంచి నా అనుభవం

నరసన్నపేటలో ఇంటి నుంచే అమెరికా, జర్మనీ సంస్థలకు డిజైన్ పని చేస్తున్నామని, పన్ను విషయంలో భారతదేశ నివాసి అని రుజువు చూపమని ఇద్దరు క్లయింట్లూ అడుగుతున్నారని, పాన్, ఆధార్ పంపితే ఒప్పుకోలేదని మీరు రాశారు. నేను విజయనగరంలో ఉండి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. 2022లో ఒక జర్మన్ ప్రచురణ సంస్థతో నాకూ ఇదే చిక్కు వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఇద్దరినీ విడివిడిగా చూడండి. అమెరికా క్లయింటుకు సాధారణంగా కావలసింది డబ్ల్యూ-8బెన్ అనే ఫారం. అది మీరే నింపి, సంతకం చేసి క్లయింటుకు ఇచ్చే ప్రకటన. మన ఆదాయపు పన్ను కార్యాలయానికి దానితో పని లేదు. విదేశీ పన్ను గుర్తింపు సంఖ్య అడిగిన గడిలో పాన్ రాయాలి. సంతకం చేసిన సంవత్సరం తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరి వరకు అది చెల్లుతుంది. పని మొత్తం ఇక్కడే కూర్చుని చేస్తే ఆ సేవల ఆదాయాన్ని అమెరికాలో పుట్టిన ఆదాయంగా లెక్కించరు. కాబట్టి ఆ క్లయింటు కోసం కార్యాలయాల చుట్టూ తిరగకండి.

తిరగాల్సింది జర్మనీ క్లయింటు కోసమే. పాన్ ఎందుకు చాలదని మీరు బాధపడుతున్నారు, నేనూ బాధపడ్డాను. కానీ దుబాయ్‌లో స్థిరపడ్డ మన వాళ్లకూ పాన్ ఉంటుంది. అది ఖాతా సంఖ్య లాంటిది, మీరు ఏ దేశపు నివాసి అన్నది అది చెప్పదు. రిటర్నులో ‘నివాసి’ అని ఉన్నా అది మనం రాసుకున్న మాటే. ఆ మాట ప్రభుత్వం చెప్పాలి. అలా చెప్పే కాగితమే పన్ను నివాస ధ్రువపత్రం, అందరూ టీఆర్‌సీ అంటారు. ఫారం 10ఎఫ్ఏలో దరఖాస్తు పెడితే మీ అసెసింగ్ అధికారి, అంటే మీ పన్ను ఫైలు చూసే అధికారి, 10ఎఫ్‌బీలో ధ్రువపత్రం ఇచ్చేవారు. ఇవి 1961 చట్టం కింద నేను వాడిన ఫారాలు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఇప్పటి ఫారం సంఖ్య, దాఖలు చేసే పద్ధతి ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో సరిచూసుకోండి.

నేను మూడు నెలలు పోగొట్టుకున్నది ‘మీ అసెసింగ్ అధికారి’ అన్న చోటే. నేను పాన్ తీసుకున్నది వేరే నగరంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు. ఊరికి తిరిగివచ్చాక పోర్టల్‌లో చిరునామా మార్చుకున్నాను, పాన్ కార్డులోనూ మార్పించాను. దానితో అంతా ఇక్కడికి వచ్చేసిందనుకున్నాను. దరఖాస్తు పట్టుకుని ఇక్కడి కార్యాలయానికి వెళితే, కంప్యూటర్‌లో చూసి, నా ఫైలు ఇంకా పాత నగరంలోనే ఉందన్నారు. చిరునామా మారినంత మాత్రాన అధికార పరిధి మారదు. పాత అధికారికి బదిలీ కోరుతూ లేఖ రాయాలి, కొత్త అధికారికి ప్రతి పంపాలి. పాత చోట ఆ లేఖ ఎవరి బల్ల మీద ఆగిందో తెలియదు. రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, తర్వాత పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. నవంబరులో మొదలుపెడితే ఫిబ్రవరికి బదిలీ అయింది. మీరు ఈ రోజే పోర్టల్‌లో పాన్ సంఖ్య కొట్టి మీ అధికారి ఎవరో చూడండి. శ్రీకాకుళం కనబడితే సగం పని అయినట్టే. బెంగళూరో హైదరాబాదో కనబడితే క్లయింటు గడువు చెప్పేదాకా ఆగకండి.

ఈ లోపు చూపడానికి టీఆర్‌సీ లేక, నాకు మొదటి విడత రావాల్సిన 1,200 యూరోలలో 189.90 యూరోలు కోసేశారు. బొమ్మల హక్కులకు ఇచ్చే సొమ్ము మీద జర్మనీలో 15 శాతం పన్ను, దాని మీద 5.5 శాతం సంఘీభావ సుంకం, కలిపి 15.825 శాతం. మనకూ జర్మనీకీ ఉన్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం (ఒకే ఆదాయం మీద రెండు దేశాల్లోనూ పన్ను పడకుండా చేసుకున్నది) ప్రకారం రాయల్టీ, అంటే ఈ హక్కుల సొమ్ము మీద అక్కడ 10 శాతానికి మించకూడదు. అంటే 120 యూరోలు. అప్పటి ఫారం 67 వేసి ఇక్కడి పన్నులో సర్దుబాటు కోరగలిగింది ఆ 120 వరకే. మిగతా 69.90 యూరోలు జర్మనీనే తిరిగి అడుక్కోవాలి. ‘ఎలాగూ ఇక్కడ తగ్గించుకోవచ్చులే’ అని టీఆర్‌సీని వాయిదా వేయవద్దని చెప్పేది అందుకే. మీది హక్కుల సొమ్మా, కేవలం పనికి ఇచ్చే రుసుమా అన్నది క్లయింటుతో మీరు చేసుకున్న ఒప్పందంలో చూసుకోండి. రెండింటికీ నియమాలు వేరు.

తర్వాత పేర్లు. మన వాళ్లందరికీ ఉండే తంటా ఇది. పాన్‌లో నా ఇంటిపేరు పూర్తిగా, అన్నిటికన్నా ముందు ఉంది. పాస్‌పోర్టులో అది వేరే గడిలో ఉంది. ఒప్పందంలో ఒక్క అక్షరంగా మిగిలింది. ముగ్గురూ ఒకరేనని మనకు తెలుసు, మ్యూనిక్‌లో కూర్చున్న లెక్కల మనిషికి ఎలా తెలుస్తుంది? ఊరి పేరు ఇంకో కథ. ఇంగ్లిషులో విజయనగరాన్ని పాస్‌పోర్టులో జెడ్ అక్షరంతో రాశారు, నా ఇన్వాయిస్‌లలో నేనే జె పెట్టి రాసుకున్నాను. క్లయింటు తరఫు ఆవిడ పటంలో వెతికితే కర్ణాటకలోని విజయనగర కనబడింది. మీరు రెండు ఊళ్లలో ఉంటారా అని మర్యాదగానే అడిగింది. ఆ రోజే ఒప్పందం, ఇన్వాయిస్‌లు, బ్యాంకు ఖాతా అన్నీ పాన్‌లో ఉన్న పేరుకు, జెడ్ ఉన్న ఊరికి మార్చేశాను. దరఖాస్తుకు ముందే మీరు ఆ పని చేయండి.

దరఖాస్తుతో నేను జతచేసినవి: పాన్, పాస్‌పోర్టు అన్ని పేజీలు (ఖాళీ పేజీలతో సహా, దేశం దాటలేదని చూపేవి అవే), గత రిటర్నుల రసీదులు, ఒప్పందం, కరెంటు బిల్లు, విదేశీ సొమ్ము జమ అయినట్టు బ్యాంకు ఇచ్చిన పత్రాలు. మా ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర జిరాక్స్ తీయించి ప్రతి కాగితం మీదా సంతకం పెట్టాను. ‘ప్రయోజనం’ అన్న గడిలో ‘విదేశీ క్లయింటు కోసం’ అని ముక్తసరిగా రాయవద్దు. ఏ దేశం, ఏ పన్ను ఒప్పందం, ఏ రకమైన ఆదాయం అన్నది రాయండి. నా దరఖాస్తు చూసిన అధికారి ఆ గడి చదివాకే తక్కినవి తిరగేశారు. రెండు వారాల్లో సంతకం, ముద్రతో కాగితం చేతికి వచ్చింది.

ఇంకొకటి, సంవత్సరం. జర్మనీ వాళ్లకు 2023 అంటే జనవరి నుంచి డిసెంబరు. మార్చిలో నాకు ఇచ్చిన ధ్రువపత్రం 2022-23 ఆర్థిక సంవత్సరానిది, అది మార్చి 31తో సరి. మిగతా తొమ్మిది నెలలకు మళ్లీ దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. అప్పటికి జూన్. నివాసి అనిపించుకోవడానికి ఆ ఆర్థిక సంవత్సరంలో దేశంలో 182 రోజులు నిండాలంటే సెప్టెంబరు 29 దాకా ఆగాలి. కానీ ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు దేశంలో ఉన్నా నివాసి కిందే లెక్క. ఏప్రిల్ 1 నుంచి కదలకుండా ఇంట్లో ఉన్నవారికి మే 30తో 60 నిండుతాయి. ఈ లెక్కను తేదీలతో సహా లేఖలో రాసి ఇచ్చాను, అంగీకరించారు. కాబట్టి మీ క్లయింటుకు ఏ నెల నుంచి ఏ నెల వరకు కావాలో ముందే రాతపూర్వకంగా అడగండి. వాళ్ల జవాబును కూడా దరఖాస్తుకు జతచేయండి.